లంక నవల దిద్దుబాటు డైరీ: 214 ప్రశ్నలు, ఎక్కడ వెతికాం, ఎక్కడ పప్పులో కాలేశాం

రాతప్రతి: కోనసీమలో ఒక లంక ఊరు (గోదారి పాయల మధ్య దిబ్బ మీది ఊరు), 1986 ఆగస్టు వరద మొదలు 1987 సంక్రాంతి దాకా. 92,400 పదాలు, 61 సీన్లు. దిద్దుబాటు పట్టిన కాలం 16 వారాలు. మొదటి ప్రతి ఎలా రాసిందీ ఇక్కడ లేదు. పూర్తయిన ప్రతిని దిద్దడానికి ఏ వనరు అక్కరకొచ్చింది, ఏది వారాలు మింగింది అన్నదే ఈ డైరీ. ఊళ్లు, పంటలు వేరైనా ఇదే వరసలో చేసుకోవచ్చు.

1వ వారం: ముద్రణ, మొదటి చదువు

సామాను: ఏ4 కాగితం ఒకవైపు ముద్రణ, 14 పాయింట్ల అక్షరం, వరసకీ వరసకీ మధ్య ఒకటిన్నర ఎడం. పేజీకి సుమారు 280 పదాలు పట్టాయి, మొత్తం 330 కాగితాలు. ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను, 61 అట్ట ముక్కలు, పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి.

రెండు తప్పులు జరిగాయి.

మొదటిది, 330 కాగితాల్నీ స్పైరల్ బైండింగ్ చేయించడం. 12వ సీనుని 9కి ముందుకు జరపాల్సి వచ్చేసరికి బైండింగ్ ఊడదీయాల్సి వచ్చింది. చిల్లులు కొట్టి ట్యాగు దారంతో సీనుకొక కట్టగా కట్టుకుంటే చాలు.

రెండోది, మొదటి చదువులోనే ఎర్ర పెన్ను పట్టుకుని అక్షరదోషాలు దిద్దడం. అలా శుభ్రంగా దిద్దిన 40 పేజీల్లో 19 పేజీలు తరవాత కొట్టేసిన సీన్లలోవే. మార్చిన పద్ధతి ఇదీ:

1. మొదటి చదువులో పచ్చ పెన్ను ఒక్కటే. నమ్మకం కుదరని చోట అంచున అడ్డగీత, అంతే.
2. సీను అయ్యాక అట్ట ముక్క మీద మూడు వరసలు: ఏ రోజు, నీళ్లు ఎంత మట్టాన ఉన్నాయి, ఈ సీనులో ఎవరికి ఏం మారింది.
3. మూడో వరస రాయలేకపోతే ఆ సీను కొట్టివేత జాబితాలోకి వెళుతుంది.

నాలుగు సీన్లు పోయాయి.

లెక్క: సీన్లు 57. పదాలు 87,100.

2వ వారం: ప్రశ్నల పద్దు

వనరుల వేట ఈ పద్దు తరవాతే మొదలవ్వాలి. ముందే గ్రంథాలయానికి వెళితే దొరికిందల్లా నవలకి పనికొచ్చేట్టే కనిపిస్తుంది. పచ్చ గీత పడిన ప్రతి చోటునీ జవాబు చెప్పగలిగే ప్రశ్నగా మార్చాం. "వరద వాతావరణం ఇంకా బాగా రావాలి" అన్నది ప్రశ్న కాదు. "వరదొచ్చిన రాత్రి వెన్నెల ఉందా?" అన్నది ప్రశ్న. పద్దులో నాలుగు గడులు: సీను నంబరు, ప్రశ్న, ఎక్కడ దొరకొచ్చు, జవాబు.

తేదీలు, తిథులు 58. నీళ్లు 31. పనిమాటలు 66. సర్కారు వ్యవహారం 22. మాటతీరు 37. మొత్తం 214.

3, 4 వారాలు: తేదీలు

చిత్తుప్రతిలో వరద రాత్రి "అమావాస్య చీకటి". గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు తాకింది 1986 ఆగస్టు 16న, శనివారం. ఆ ఏడు శ్రావణ పౌర్ణమి ఆగస్టు 19. అంటే పౌర్ణమికి మూడు రోజుల ముందు. అర్ధరాత్రి దాటేదాకా చంద్రుడు ఉండాలి. మబ్బు కమ్మినా మబ్బు వెనక తెల్లటి పలచని వెలుగు ఉండి తీరాలి. మూడు సీన్లలో చీకటి మీద ఆధారపడి నడిపిన కథంతా మార్చాల్సొచ్చింది. గట్టు మీద ఎవరు నిలబడ్డారో కనిపించక పొరపాటు పడే సన్నివేశం ఒకటుంది. దానికి చీకటి బదులు వాన తెర వాడాం.

దీనితోపాటే ఇంకొకటి బయటపడింది. పౌర్ణమి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, అంటే ఆగస్టు 15. మర్నాడే వరద. చిత్తులో ఎక్కడా వ్రతం ఊసే లేదు. ఇప్పుడు ఇంట్లో కలశం ఇంకా కదపకుండా ఉండగానే నీళ్లొస్తాయి. ముంపు ఇంట్లోంచి ఏం ముందు తీసుకోవాలన్న తగువుకి ఆ కలశం ఒక్కటే సరిపోయింది. నాలుగు పేజీల సంభాషణ ఒకటిన్నర పేజీకి దిగింది. ప్రేరణ కోసం వేరే పుస్తకాలు తిరగేసిన రోజుల్లో ఇంత పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

ఇక్కడ పెద్ద తప్పు ఒకటి. 1986 వారాలు, 2025 వారాలు ఒకటే, రెండు ఏళ్లూ బుధవారంతో మొదలవుతాయి. ఆ ధీమాతో 2025 క్యాలెండరు గోడకి తగిలించి, దాన్లో ఉన్న పండగలు కూడా అట్టల మీదకి ఎక్కించేశాం. 2025లో శ్రావణ పౌర్ణమి ఆగస్టు 9. పది రోజుల తేడా. పదకొండు సీన్ల అట్టలు తిరగరాయాల్సి వచ్చింది.

సరైన దారి:

1. వారాలకి: అవే వారాలున్న ఏడు. 1986కి 1997, 2003, 2014, 2025 సరిపోతాయి.
2. తిథులకి: 19 ఏళ్లకోసారి చంద్రుడు దాదాపు అదే తేదీకి అదే తిథికి వస్తాడు. 1986కి 2005, 2024 దగ్గరగా ఉంటాయి. మూడేళ్లలోనూ శ్రావణ పౌర్ణమి ఆగస్టు 19నే. ఒక్కోసారి ఒక రోజు అటూఇటూ అవుతుంది.
3. ముఖ్యమైన సీన్లకి ఈ అడ్డదారి నమ్మకుండా ఆ ఏటి పంచాంగమే చూడాలి. పాత పంచాంగాలు పురోహితుల ఇళ్లలో అటకల మీద కట్టలు కట్టి ఉంటాయి. అడిగితే చూపిస్తారు. ఇంటికి తీసుకెళతామనకుండా అక్కడే కూర్చుని రాసుకోవాలి.
4. కార్తెలు తేదీలకి కట్టుబడి ఉంటాయి కాబట్టి తేలిక. ఆగస్టు 16 అంటే ఆశ్లేష కార్తె చివర, మఖ ముంగిట. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు అయిపోయి చేలు పిలకలేసే రోజులు. చిత్తులో ఆ వారం ఆకుమడి దున్నుతున్నారు. కొట్టేశాం.

లెక్క: జవాబులు 51. మిగిలినవి 163. పదాలు 87,400.

5, 6, 7 వారాలు: నీళ్లు

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిందీ ఇదే.

ముందు అంకెల గందరగోళం. చిత్తులో ఒకచోట "53 అడుగులు", ఇంకోచోట "17 అడుగులు", రెండూ మూడో ప్రమాద హెచ్చరికే, రెండూ ఒకే రేడియో వార్తలో. భద్రాచలం దగ్గర హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకి, ప్రవాహంలో చెబితే 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి. రెండు కొలబద్దలూ వేరు. లంకలో ఉన్నవాడికి పనికొచ్చేది ధవళేశ్వరం లెక్క. భద్రాచలం లెక్క వినేది ముందుజాగ్రత్త కోసం, అక్కడ పెరిగిన నీరు కిందకి దిగడానికి గంటలు పడుతుంది కాబట్టి. ఆ వ్యవధే నవలకి పెద్ద దన్ను అయింది. చిత్తులో భద్రాచలంలో పెరిగిన గంటలోనే లంక మునిగేది. ఇప్పుడు మధ్యలో ఒక పగలు ఉంది. ఊరంతా నీళ్ల కోసం ఎదురు చూసే పగలు.

రెండో సంగతి లోతు. "మోకాలు లోతు", "నడుము లోతు", "పీకల్లోతు" అని 23 చోట్ల ఉంది. అరుగు మునిగిందా లేదా అన్న విషయంలో ఆరు చోట్ల ఒకదానికొకటి పొసగలేదు. దీనికి వనరు ఒక టేపు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి, ఒక పాత పెంకుటింటికి కొలిచినవి ఇవీ:

చీలమండ 4 అంగుళాలు. మోకాలు 1 అడుగు 6 అంగుళాలు. అరుగు 2 అడుగుల 3 అంగుళాలు. నడుము 3 అడుగుల 3 అంగుళాలు. గుండె 4 అడుగులు. కిటికీ కింది చెక్క 4 అడుగుల 7 అంగుళాలు.

అంటే వాకిట్లో మోకాలు లోతుంటే అరుగు పొడిగానే ఉంటుంది. నడుము లోతుంటే అరుగు మీద ఒక అడుగు నీళ్లు. ఈ కొలతలు ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద గీతలుగా గీసి, సీను నంబర్లు ఆ గీతల పక్కన రాసి గోడకి అంటించాం. తప్పు రాయడానికి వీల్లేకుండా పోయింది. ఇంకో లాభం కూడా: "నీళ్లు బాగా పెరిగాయి" అన్న మాట తీసేసి, అరుగు మీద బియ్యం బస్తా అట్టడుగు తడిసిందని రాయొచ్చు.

మూడోది, వరదనీ తుపాన్నీ కలిపేయడం. చిత్తులో నీళ్లు తీశాక చేలు చౌడెక్కాయి, వంద కొబ్బరిచెట్లు కూలాయి. ఇవి ఉప్పెన లక్షణాలు, పెనుగాలి లక్షణాలు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమ కొబ్బరి కూలింది గాలికి. ఏటి వరద మంచినీళ్లు. అది చేలో వదిలేది ఒండ్రు, గండి పడిన చోట ఇసుక మేట. ఒండ్రయితే మరుసటి పంటకి మేలు, ఇసుక మేటయితే ఆ చేను కొన్నేళ్లు పనికిరాదు. కొబ్బరిచెట్టు నాలుగు రోజులు నీళ్లలో నిలబడగలదు. గట్టు కోసుకుపోయినప్పుడే వేళ్లతో సహా ఏట్లో పడుతుంది. కూలిన వంద చెట్లు తీసేసి, ఏటికోతకి వరసగా ఒరిగిన పదకొండు పెట్టాం. పక్కపక్క చేలే అయినా అన్నకి ఒండ్రు, తమ్ముడికి ఇసుక. ఆ ఒక్క మార్పుతో అన్నదమ్ముల తగువుకి కారణం వెతుక్కోవాల్సిన పని తప్పింది.

లాకుల దగ్గర, వంతెన స్తంభాల మీద అడుగుల గీతలు ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చూడడానికి వెళ్లాలి. గోడ అడుగు దాకా కనిపిస్తుంది, నాచు చార ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కాలవ నిండుగా ఉన్నప్పుడు వెళ్లి చూస్తే పై మూడు గీతలే కనిపించాయి. మళ్లీ మే నెలాఖరున వెళ్లాల్సి వచ్చింది.

లెక్క: జవాబులు 78. మిగిలినవి 136. పదాలు 85,900.

8 నుంచి 11 వారాలు: పనిమాటలు

వనరులు, పనికొచ్చిన వరసలో:

1. మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ పదాల సంపుటం, 1962. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వం. ఏ పనిముట్టుని ఏ ప్రాంతంలో ఏమంటారో చెబుతుంది. వరి, నాగలి, బండి, కల్లం ప్రశ్నలకి ముందు దీన్నే చూడాలి.
2. ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన. చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతుకుతుంది.
3. సూర్యరాయాంధ్ర నిఘంటువు. పాత కావ్య ప్రయోగాలకి గట్టిది, రేవులో మాటకి కాదు.
4. బ్రౌను నిఘంటువు, 1852. అప్పటి అర్థం కోసం.
5. హెమింగ్‌వే గోదావరి జిల్లా గెజిటీరు, 1907. మూడు రోజులు చదివితే రెండు జవాబులు దొరికాయి. మంచి పుస్తకమే, కానీ 1986 నాటి ప్రశ్నలకి దానిలో జవాబులు వెతకడం మా తప్పు.

నిఘంటువులో దొరికిన మాట ఆ ఊళ్లో ఇప్పుడు వాడుకలో ఉందో లేదో మనుషుల్ని అడిగే తేల్చుకోవాలి. అక్కడ పద్ధతి తప్పింది. "దీన్ని ఫలానా అంటారా అండి?" అని అడిగాం. అందరూ "ఆయ్, అంటారండి" అన్నారు. ఒకే వస్తువుకి మూడు వేరు వేరు పేర్లు చెప్పి అడిగినా మూడింటికీ అదే జవాబు. అడిగినవాళ్లని నొప్పించకూడదన్న మర్యాద అది. 18 జవాబులు కొట్టేసి మొదటికొచ్చాం. మార్చిన పద్ధతి: వస్తువు చూపించాలి, మాట చెప్పకూడదు. లేదా పని జరుగుతుండగా పక్కన కూర్చుని వినాలి. ఇద్దరి నోట, వేరు వేరు రోజుల్లో, అడగకుండా వచ్చిన మాటే పద్దులోకి ఎక్కాలి.

కొబ్బరి ఒలుపు ఇలాగే సరిపడింది. చిత్తులో కాయని కత్తితో ఒలుస్తారు. నిజానికి నేలలో నిలువునా పాతిన ఇనప గునపం ఉంటుంది, మొన పైకి. రెండు చేతులా కాయ పట్టుకుని మొన మీదకి దిగ్గొట్టి, ఒంటి బరువంతా వేసి పక్కకి మెలిపెడతారు. పీచు చిరిగే చప్పుడు తడిగుడ్డ చింపినట్టు ఉంటుంది. కాయ తిప్పి మళ్లీ ఓ పోటు, మళ్లీ మెలి. మూడు నాలుగు దెబ్బలకి డొక్క విడిపోయి కాయ చేతిలో మిగులుతుంది. ఇరవై సెకన్ల వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి, ఒక్కో కదలికకి ఒక్కో క్రియ రాసుకున్నాం: దిగ్గొట్టు, మెలిపెట్టు, చీల్చు, తిప్పు. సీనులో ఈ నాలుగే వాడాం. కబుర్లాడుతూ ఒలిచే ఆ సీనులో సంభాషణ కూడా నాలుగు దెబ్బల మధ్య తెగి తెగి నడుస్తుంది. ముందున్న "అన్నాడు", "అంది"ల్లో సగం అవసరం లేకుండా పోయాయి.

కొబ్బరి నుంచే నవలకి కాలపు కొలత కూడా దొరికింది. ఒక పాత ఇంటి దింపు పద్దు (చెట్ల మీంచి కాయలు దించిన లెక్క) చూశాం. గడులు మూడే: దింపు తేదీ, కాయల లెక్క, కొన్నవారు. దింపుకీ దింపుకీ 45 రోజుల పైమాట. వరద నుంచి సంక్రాంతికి సుమారు 150 రోజులు, అంటే మూడు దింపులు. "రోజులు గడిచాయి", "నెల తిరిగింది" అని 14 చోట్ల ఉన్నదాన్ని తీసేసి నవలని మూడు దింపులుగా విడగొట్టాం. పూత నుంచి కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి వరద తరవాత మొదటి దింపు మామూలుగానే వస్తుంది. దెబ్బ తెలిసేది తరవాత. వరదయిన నెలకే చెట్లు బోడిగా ఉన్నాయన్న వాక్యం పోయింది.

ఈ నాలుగు వారాల్లో నష్టం కూడా జరిగింది. దొరికిన మాటల్లా నవల్లోకి దూరాయి. ఒక పేజీలో బోదె, గండి, మేట, దోనె, పంటు, రేవు, కురిడీ అన్నీ వచ్చాయి. పేజీ పదకోశంలా తయారైంది.

లెక్క: జవాబులు 133. మిగిలినవి 81. పదాలు 90,200. పెరిగాయి.

12వ వారం: సర్కారు వ్యవహారం

తొందరగా తేలింది. కరణం, మునసబు ఉద్యోగాలు 1984 జనవరిలో రద్దయ్యాయి. మండలాలు 1985లో వచ్చాయి. కోనసీమ జిల్లా వచ్చింది 2022లో, కాబట్టి 1986లో అది తూర్పు గోదావరి. చిత్తులో కరణం సంతకం ఉంది, "మాజీ కరణం" చేశాం. ఉద్యోగం పోయినా ఊరు ఆయన దగ్గరికే కాగితం పట్టుకెళ్లడం ఇంకా బాగా కుదిరింది. వరి విత్తనాల్లో "1010" అని ఉంది. ఆ కాటన్‌దొర సన్నాలు వచ్చింది 2000లో. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ పెట్టాం.

లెక్క: జవాబులు 155. మిగిలినవి 59.

13, 14 వారాలు: మాటతీరు, వెతుకులాట తిప్పలు

రాతప్రతిలో సగం "అను" లిపిలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంటు) టైపు చేసింది. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదిరాయి. అంతా మార్చే ముందు ఐదు మాటలు పరీక్షకి పెట్టాలి: క్షేత్రం, వరలక్ష్మి, కృష్ణ, స్త్రీ, ర్యాలి. ఇవి సరిగా వస్తే మిగతావి చాలావరకు వస్తాయి. మేం అంతా మార్చాక చూసుకుని, 600 పైగా చోట్ల చేత్తో దిద్దాం.

వెతకడంలో ఇంకో చిక్కు. "అండి" అని వెతికితే విడిగా ఉన్నవే దొరుకుతాయి, "వచ్చానండి" దొరకదు. "ండి" అని వెతికితే బండి, వండి, తిండి కూడా వస్తాయి. "నండి", "దండి", "యండి" అని విడివిడిగా వెతకాలి. గోదావరి, గోదారి, కాలువ, కాలవ లాంటి జంటలకి ఎవరి నోట ఏది అన్న పట్టిక ముందే రాసుకోవాలి. కథనంలో కాలువ, ఊరివాళ్ల మాటల్లో కాలవ అని పెట్టుకున్నాం.

"ఆయ్" 412 సార్లు వచ్చింది. ఒక వాక్యం:

"ఆయ్, నీళ్లొచ్చేత్తన్నాయండి బాబూ, ఆయ్, మరిప్పుడెలాగండి, ఆయ్."

దిద్దాక:

"నీళ్లొచ్చేత్తన్నాయండి. గొడ్లనిప్పెయ్యమంటారా?"

ఆయ్ అన్నది చిన్నవాళ్లు పెద్దవాళ్లకి, పనివాళ్లు రైతుకి ఒప్పుకోలుగా అనే మాట. బావాబావమరుదుల మధ్య, కోపంలో ఉన్నవాళ్ల నోట పెడితే అది వెక్కిరింతలా వినిపిస్తుంది. గోదారి మాట తెలిసేది అక్షరాల సాగదీతలో కన్నా అడిగే తీరులో. పై వాక్యంలో పాలేరు నిర్ణయం తాను తీసేసుకుని, అనుమతి అడుగుతున్నట్టు చెబుతున్నాడు. 412 నుంచి 96కి దిగాయి.

లెక్క: జవాబులు 188. మిగిలినవి 26.

15, 16 వారాలు: కోత

ఆ 26 ప్రశ్నలకి జవాబు దొరకలేదు. ఊహించి రాయలేదు. ఒక్కో చోట వాక్యం తీసేశాం, లేదా చూసే పాత్రని అది తెలియక్కర్లేని మనిషిగా మార్చాం. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఇంజను పేరు దొరకలేదు, ఆ సీను ఇప్పుడు ఏడేళ్ల పిల్ల కళ్లతో నడుస్తుంది. ఆ పిల్లకి ఇంజను అంటే పొగ, చప్పుడు, కాళ్ల కింద చెక్క అదరడం.

దొరికిన జవాబుల్ని కోసిన తీరు:

1. జవాబు సీనులో ఒక్క వాక్యానికి మించకూడదు.
2. అర్థం పక్కనే రాయాల్సి వస్తే ఆ మాట తీసెయ్యాలి. చేసే పనిలోంచి అర్థమైతే ఉంచాలి.
3. పేజీకి కొత్త పనిమాట ఒకటి, మరీ అయితే రెండు.
4. నిజమైన అంకె పాత్ర నోట వస్తేనే ఉండాలి. క్యూసెక్కులు రేడియోలో మాత్రమే, రైతు నోట అడుగులూ మెట్లూ.

చివరగా ఫోనులో గట్టిగా చదివించి వినడం. రోజుకి గంట చొప్పున 14 రోజులు. యంత్రపు గొంతు యాసని చదునుగా చదువుతుంది, కాబట్టి మాటతీరుకి అది పనికిరాదు. పడిపోయిన అక్షరాలు, రెండుసార్లు వచ్చిన మాటలు, ఊపిరందని వాక్యాలు మాత్రం పట్టిస్తుంది. వింటూ దిద్దడం మొదలుపెడితే తరవాతి పది వాక్యాలు చెవిన పడవు. టైము మాత్రమే రాసుకుని, అయ్యాక వెళ్లి దిద్దాలి. మాటతీరుకి వరద రాత్రి సీన్లు ఐదూ లంకలో పుట్టి పెరిగిన ఇద్దరు పెద్దవాళ్ల చేత గట్టిగా చదివించాం. వాళ్లు చదువుతూ తమకి తెలీకుండానే మార్చి పలికిన 31 మాటల్ని అలాగే తీసుకున్నాం.

లెక్క: సీన్లు 52. పదాలు 78,900. ప్రశ్నలు 214, జవాబులు 188, ఎత్తేసినవి 26. కాగితాలు రెండు ముద్రణలకి 612. మూడో ముద్రణకి 282కి పైనే కావాలి, ఈసారి అంచు మూడు వేళ్ల వెడల్పు వదలాలి.